నాలుగు వేళ్ళంత అద్దం

దయ్యాల మాట వస్తే మా ఇంట్లో అందరికన్నా ముందు నవ్వేది నేనే. దారిలో నిమ్మకాయ కనిపిస్తే మా అత్త చుట్టూ తిరిగి పోయేది, నేను దాటుకుని పోయేదాన్ని. చదివింది ఐదో తరగతి వరకే అయినా, కంటితో చూడనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి కూడా ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది బోరబండ. మా ఆయన సత్తయ్య. అందరూ సత్తెన్న అంటారు. హైటెక్ సిటీ ఆఫీసులకు ఉద్యోగులను తీసుకుపోయి తీసుకొచ్చే బండి నడుపుతాడు. బండి సొంతమే గానీ పాతది. నేను కొత్తగూడలో రెండు ఫ్లాట్లలో వంట చేస్తాను. మధ్యాహ్నానికి నా పని అయిపోతుంది.

మా ఆయన చేతిలో పనితనం ఉంది, జ్ఞాపకం లేదు. బండికి చిన్న చిన్న రిపేర్లు తనే చేసుకుంటాడు. స్క్రూలు ఊడదీస్తాడు, ఏది ఎక్కడిదో మరిచిపోతాడు. అందుకే పక్కన నన్ను కూర్చోబెట్టుకుంటాడు. ఏ వైరు ఎక్కడి నుంచి తీశాడో, ఏ ఫ్యూజు ఏ గదిలోదో నేను గుర్తు పెట్టుకుని చెబుతాను. ఆకుపచ్చ మీద నల్ల గీత ఉన్నది ఏసీది, ఎర్ర మీద తెల్ల గీత ఉన్నది అద్దాలది. బండి గురించి నాకు తెలిసిందంతా ఇలా తెలిసిందే.

ఆ బండిని మేం మియాపూర్‌లో ఒక పెద్దాయన దగ్గర కొన్నాం. పేరు ఓబులేసు. కడప జిల్లా మనిషి. మియాపూర్‌లో కూతురి దగ్గర ఉంటూ ఆరేళ్ళు తనే ఆ బండిని ఆఫీసులకు నడిపాడు. కంటిచూపు తగ్గిందని అమ్మాడు. తాళం చేతికిచ్చేటప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన డ్రైవరు పక్క అద్దం దించి, పై అంచు దగ్గర తన నాలుగు వేళ్ళు అడ్డంగా ఆనించి చూపించాడు.

"ఏసీ ఏసుకోని పండుకునేటప్పుడు అద్దం ఇంత దించి పెట్టుకో అబ్బీ. మర్చిపోవద్దు."

మా ఆయన నవ్వాడు. "అద్దం దించినంక ఏసీ ఏం చల్లగుంటది పెద్దాయనా? కొత్తగూడ మొత్తానికి చల్లగాలి పంచాల్నా నేను?"

పెద్దాయన నవ్వలేదు. మళ్ళీ ఒకసారి వేళ్ళు పెట్టి చూపించాడు. ఇంకేదో చెప్పబోయి, మింగేసి, బండి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ మింగిన మాట నాకు గుర్తుంది. అమ్ముకుంటున్నాడు కదా, మనసు బాగాలేదేమో అనుకున్నాను.

ఆ అద్దం సంగతి మేం ఇంటికి రాకముందే మరిచిపోయాం. అంటే మా ఆయన మరిచిపోయాడు. నాకు గుర్తుంది గానీ, పట్టించుకోలేదు.

మా ఆయన పని ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. తెల్లారకముందే లేచి పొద్దుటి షిఫ్టు వాళ్ళను దింపుతాడు. మళ్ళీ సాయంత్రం ఆఫీసుల నుంచి ఇళ్ళకు చేరుస్తాడు. ఇల్లు చేరి కడుపులో ఇంత పడేసుకునేసరికి పదకొండు దాటుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు గంటలసేపు ఖాళీ. ఆ ట్రాఫిక్‌లో బోరబండ వచ్చి పోతే ఆ మూడు గంటలూ రోడ్డు మీదే పోతాయి. అందుకే కొత్తగూడ ఫ్లైఓవర్ వెనక సందులో, ఒక ప్రహరీ గోడ నీడన బండి ఆపుకుని, సీటు వెనక్కి వాల్చి, ఏసీ వేసుకుని గంటన్నర పడుకుంటాడు. అక్కడ వరసగా ఏడెనిమిది బండ్లు అలాగే ఉంటాయి. అందరిదీ అదే నిద్ర. ఆ గంటన్నర లేకపోతే సాయంత్రం స్టీరింగ్ దగ్గర కళ్ళు మూసుకుపోతాయి. వెనక నలుగురు ఆడపిల్లలు కూర్చుని ఉంటారు. ఆ నిద్ర మీదే మా బతుకంతా నడుస్తోంది.

రెండేళ్ళు బాగానే గడిచాయి. ఏసీతో ఒకటే చికాకు, బండిలోపల నీళ్ళు కారేవి. నీళ్ళు బయటికి పోయే సన్న గొట్టానికి దుమ్ము అడ్డుపడి, ముందు ఎడమ సీటు కింది మ్యాటు తడిసిపోయేది. గొట్టం ఊదితే నాలుగు రోజులు బాగుండేది, మళ్ళీ మొదలు. ఆ మ్యాటు తెచ్చి మా పిట్టగోడ మీద ఆరేయడం నా వంతు. ఎన్నిసార్లు ఆరేశానో లెక్క లేదు.

మూడో ఏడు శివరాత్రికి ముందే ఎండ ముదిరింది. అప్పటి నుంచి మా ఆయనకు తలనొప్పి పట్టుకుంది. మధ్యాహ్నం నిద్ర లేచాక తల పగిలిపోతోందనేవాడు. డాష్‌బోర్డు అరలో మాత్రల అట్ట ఎప్పుడూ ఉండేది. శివరాత్రి రోజు నేను ఉపవాసం ఉన్నాను, అందుకే గుర్తుంది, ఆ సాయంత్రం బండి పక్కకు ఆపి వాంతి చేసుకున్నాడు. కళ్ళ వల్లనేమో అని పరీక్ష చేయించి కళ్ళద్దాలు పెట్టించాం. ఎండకు పైత్యం చేసిందని మజ్జిగ కట్టిచ్చాను. పాత బండి వాసన పోవడానికి ఆయన నిమ్మ సెంటు ప్యాకెట్టు వేలాడదీసుకునేవాడు. దాని ఘాటు వల్లనేమో అని ఒకసారి అదీ తీసేయించాను.

శివరాత్రి పోయిన ఆరో రోజు మొదటిసారి జరిగింది.

మధ్యాహ్నం చెమటలో తడిసి లేచాడట. చూస్తే ఏసీ చల్లదనం లేదు. ఫ్యాను గాలి వస్తోంది గానీ వేడిగాలి. డ్రైవరు పక్క అద్దం పైన కొంచెం దిగి ఉంది. తను దించలేదు. ఏదో అయి ఉంటుందని ఎక్కించుకుని మళ్ళీ ఏసీ వేస్తే చల్లగా వచ్చింది. మర్నాడు మళ్ళీ అంతే. ఆ మర్నాడూ అంతే. పడుకున్న పావుగంటకో ఇరవై నిమిషాలకో చల్లదనం ఆగిపోవడం, అద్దం దిగడం.

విచిత్రం ఏమిటంటే, ఉద్యోగులు ఎక్కినప్పుడు ఏమీ కాదు. పిల్లలు చలి అని చున్నీలు కప్పుకునేంత చల్లగా ఉంటుంది. ఈయన నిద్రపోతేనే చెడిపోతుంది.

మా వీధి చివర ఖాజా భాయ్ అని కార్ల కరెంటు పని చేసేవాడున్నాడు. చేతిలో చిన్న బల్బు ఉన్న సూది పట్టుకుని ఏ వైరులో కరెంటు ఉందో, ఏ వైరులో లేదో పొడిచి చూస్తాడు. మంచి పనివాడు. ఒక ఆదివారం పొద్దంతా చూశాడు. ఏసీ గ్యాస్ చూశాడు, సరిపోను ఉంది. ఏసీని ఆన్ ఆఫ్ చేసే రిలే మార్చాడు. ముందున్న ఫ్యాను తిరుగుతోంది. బ్యాటరీ తీగలు గీకి మళ్ళీ బిగించాడు. అద్దం బటన్ విప్పి శుభ్రం చేశాడు. నేను పక్కన పీట వేసుకుని ఏది ఎక్కడిదో చూస్తూ కూర్చున్నాను.

అంతా అయ్యాక చెయ్యి తుడుచుకుంటూ నాతో అన్నాడు, "భాభీ, బండికి ఏ బీమారీ లేదు. సత్తెన్ననే జర దవాఖానల చూపియ్యి. నిద్రల కాలు లేపి బటన్ ఒత్తుకుంటున్నడు."

"నా కాలు అంత పొడుగుంటే ఈ బండెందుకు నడుపుతుంటి, పోలీసుల చేరకపోతుంటినా," అన్నాడు మా ఆయన. ఆయన మనిషి పొట్టి.

నవ్వుకున్నాం. సోమవారం మళ్ళీ అద్దం దిగింది.

రిలే మార్చాక ఫ్యూజు. ఫ్యూజు తర్వాత ఏసీ బటన్. దాని తర్వాత ఇంజన్ నుంచి వచ్చే వైరింగ్ మొత్తం టేపు విప్పి మళ్ళీ చుట్టించాం. కొండాపూర్‌లో ఒక ఏసీ షాపులో కూడా చూపించాం. వాళ్ళు రెండు గంటలు బండి ఆన్‌లో పెట్టి ఉంచారు, అందులో ఎవరూ పడుకోలేదు కాబట్టి ఏమీ కాలేదు. ఇలా ఒక నెల. ఏ రోజుకారోజు బాగైందనుకోవడం, మధ్యాహ్నం మళ్ళీ తడిసి లేవడం. మా ఆయన కళ్ళ కింద నల్లగా వచ్చింది. విసుగు కూడా చచ్చిపోయింది మా ఇద్దరికీ. ఖాజా భాయ్ అయితే మమ్మల్ని చూడగానే, "దిగిందా?" అని అడిగేవాడు. నేను "దిగింది" అనేదాన్ని. అంతకుమించి మాటలు ఉండేవి కావు.

చివరికి నేనే చూద్దామనుకున్నాను. ఒక బుధవారం నా పని ముగించుకుని, ఆ సందుకు నడిచి పోయి, వెనక సీట్లో కూర్చున్నాను. అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. మా ఆయన సీటు వాల్చి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని పడుకున్నాడు. ఐదు నిమిషాలకే గురక.

నేను డ్రైవరు అద్దాన్నే చూస్తూ ఉన్నాను. చల్లగా ఉంది. పొద్దుట్నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ కాళ్ళకు హాయిగా ఉంది. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు అయ్యాయి. ఏమీ కాలేదు. నాకు కణతల దగ్గర నొప్పి మొదలైంది. పొయ్యి వేడి అనుకున్నాను. కళ్ళు బరువెక్కాయి. మూసుకున్నాయి కూడా.

ముందు భాగంలో 'టక్' మని చప్పుడు. ఏసీ ఆగిన చప్పుడు అది. నాకు బాగా తెలుసు. వెంటనే 'గుర్' మని అద్దం దిగుతున్న చప్పుడు. కళ్ళు తెరిచి చూశాను. అద్దం దిగుతోంది. మా ఆయన చేతులు పొట్ట మీదే ఉన్నాయి. కాళ్ళు పెడళ్ళ దగ్గరే ఉన్నాయి. అద్దం కొంచెం దిగి ఆగింది. బయటి వేడిగాలి మొహానికి కొట్టింది.

నేను అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు. ముందుకు వంగి, ఆ సందులో నా చెయ్యి అడ్డంగా పెట్టి కొలిచాను. నా నాలుగు వేళ్ళు పట్టి, ఇంకొంచెం మిగిలింది. మా ఆయనను లేపి ఆయన వేళ్ళు పెట్టించాను. ఆయనవి లావు వేళ్ళు, నాలుగూ పట్టలేదు. ఆ సందు ఆయన చేతి కొలత కాదు, నా చేతి కొలతా కాదు. కానీ రోజూ అక్కడే ఆగుతోంది. అద్దం మీద రోజూ అదే చోట దుమ్ము కట్టి, సన్నటి గీత పడి ఉంది.

పెద్దాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. మా ఆయనకు చెప్పాను. "ఆయనేమన్న మంత్రం పెట్టిండా ఏంది?" అని కసురుకున్నాడు. కసురుకున్నాడు గానీ మొహం పాలిపోయింది.

ఆ సాయంత్రం షిఫ్టు మానుకుని బండి తీసుకుపోతే, ఖాజా భాయ్ గట్టిగా పట్టుకున్నాడు. ఏసీకి మధ్యలో ఉన్న రిలేలూ బటన్లూ అన్నీ పక్కన పెట్టి, నేరుగా వైరు లాగాడు. దీన్ని వాళ్ళు డైరెక్ట్ ఇవ్వడం అంటారు. ఇంజన్ నడుస్తున్నంతసేపు ఏసీ ఆగడానికి లేదు. తలుపు లోపలి అట్ట ఊడదీసి, అద్దం మోటారుకు పోయే తెల్ల ప్లగ్గు పీకేశాడు. ఆ ప్లగ్గుకు నేనే నల్ల టేపు చుట్టాను. కరెంటు లేని అద్దం బరువుకు జారుతుందేమో అని, ఒక చెక్క ముక్క చెక్కి, అద్దానికీ రబ్బరుకూ మధ్య సుత్తితో కొట్టి బిగించాడు.

"ఇగ దిగితే నేను ఈ పని బంద్ చేసి అరటిపండ్లు అమ్ముకుంట," అన్నాడు.

మర్నాడు వంట పని ఆలస్యమై నేనింకా అక్కడే ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు.  ఒక్క మాటే అన్నాడు, "ఒకసారి రా."

వెళ్ళాను. ఇంజన్ ఆగిపోయి ఉంది, తాళం మాత్రం తిప్పి ఆన్‌లోనే ఉంది. అద్దం అదే గీత దగ్గరికి దిగి ఉంది. చెక్క ముక్క డాష్‌బోర్డు మీద ఉంది. కింద పడి లేదు, సీట్లో పడి లేదు. డాష్‌బోర్డు మీద, మాత్రల అట్ట పక్కన, తీసి పెట్టినట్టు ఉంది. తలుపు అట్ట అంచులో వేలు పెట్టి చూశాను. నేను చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది.

ఇంజన్ ఆగడానికి ఖాజా భాయ్ కారణం చెప్పాడు, పాత బండి, ఎండలో నిలబెట్టి నడిపితే ఒక్కోసారి ఆగుతుందని. చెక్క ముక్క గురించి ఏమీ చెప్పలేదు. దాన్ని చేతిలో తిప్పి చూసి నాకే ఇచ్చేశాడు.

మా ఆయన ఆ రోజు నుంచి బండిలో పడుకోవడం మానేశాడు. గోడ నీడన కింద కూర్చుని మూడు గంటలు గడిపేవాడు. ఆ ఎండలో, ఆ హారన్లలో నిద్ర ఎక్కడ పడుతుంది? మూడు రోజులు అలా పోయాయి. మూడో రోజు సాయంత్రం ఫ్లైఓవర్ మీద కన్ను మూసుకుంది. వెనక ఉన్న అమ్మాయి "అన్నా" అని కేక వేసేసరికి స్టీరింగ్ తిప్పాడు. వెనక బండ్లను చూసుకునే పక్క అద్దం ఫ్లైఓవర్ గోడకు గీసుకుని విరిగి పడిపోయింది. నలుగురు పిల్లలకు ఏమీ కాలేదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూర్చున్నాడు.

"బండి అమ్మేద్దాం," అన్నాడు.

"అమ్మి ఏం నడుపుతవు?" అన్నాను.

 ఇంకో బండి కొనే స్తోమత మాకు లేదని ఇద్దరికీ తెలుసు. నిద్ర లేకుండా నడపలేడు, ఆ బండిలో నిద్రపోలేడు. అందుకే ఆదివారం పెద్దాయన దగ్గరికి పోయి, మీ కాలంలో కూడా ఇలాగే చేసేదా అని అడుగుదామని నేనే బయలుదేరదీశాను.

పెద్దాయన కూతురు నాగమణి తలుపు తీసింది. మమ్మల్ని గుర్తుపట్టింది. లోపలికి తీసుకుపోయి చూపించింది. ఆయన మంచం మీద ఉన్నాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది.

"శివరాత్రి పోయిన మూడోనాడు పడిపాయ. అప్పట్నుంచి ఇంతే," అంది.

మూడో రోజు. మాకు మొదటిసారి అద్దం దిగింది ఆరో రోజు.  బతికి ఉన్న మనిషి, మా ఎదురుగా ఊపిరి తీసుకుంటున్న మనిషి. ఆయనకూ మా బండికీ ముడిపెట్టడం పాపం అనిపించింది.

ఒంటిగంట దాటింది. నాగమణి ఆయనకు జావ తాగించి మూతి తుడిచింది. అప్పుడు ఆయన ఎడమచెయ్యి లేపాడు. బొటనవేలు ముడిచి, నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి, మంచం పక్కనున్న ఇనుప కడ్డీ పై అంచుకు అడ్డంగా ఆనించాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు.

"సూడండి, రోజూ ఇదే," అంది నాగమణి. "జావ తాపినాక మొదలుపెడ్తాడు, రెండు గంటలసేపు. నాలుగు గంటలకు టీ అడుగుతాండాడేమో అని పెట్టిస్తి. తోసేసినాడు. నాలుగు ఇడ్లీలంటాడేమో అనుకుంటిమి. మేం నలుగురం బిడ్డలం గదా, మా అన్నోళ్ళందర్నీ ఫోన్లో సూపిచ్చినా. ఊహూ. ఇంక నాలుగు అంటే ఏముందో ఆ దేవునికే తెల్సల్ల."

ఆవిడ లెక్క చూసింది. నేను కొలత చూశాను. రెండేళ్ళ కిందట మా బండి అద్దానికి ఆనించిన వేళ్ళే అవి. పొడుగ్గా, ఎముకలు తేలి ఉన్నాయి.

మంచం దగ్గరికి పోయి వంగాను. "పెద్దాయనా, బండి అద్దమేనా?" అన్నాను.

ఆ చెయ్యి ఆగిపోయింది. నన్ను చూశాడు. తర్వాత మా ఆయనను చూశాడు. చూసి కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. ఆ కళ్ళలోంచి నీళ్ళు చెవి వైపు కారాయి.

నాగమణికి అర్థం కాలేదు. నేను అద్దం సంగతి చెప్పాను, అమ్మేటప్పుడు ఆయన చెప్పిన మాట వరకే. ఆవిడ తేలిగ్గా అనేసింది, "ఆ, అదా. మా నాయన ఎప్పుడూ అట్లే పండుకునేటోడు. ఒకసారి అద్దాలన్నీ ఏసుకోని పండుకుంటే పొగ లోపలికొచ్చి సోయ లేకుండా పోయ. పక్క బండాయన అద్దం పగలగొట్టి బయటికి ఈడ్చినాడంట. సైలెన్సరు పైపు పగిలింటే అతుకు ఏపిచ్చినాడు. మీకు సెప్పలేదా?"

నేను పెద్దాయన వైపు తిరిగాను. చెబితే బండి కొనమేమో అని మింగేశాడు. తాళం ఇచ్చేరోజు మింగిన మాట అదే. నాకు కోపం రావాలి. రెండేళ్ళు నా మొగుడు ఆ బండిలో నిద్రపోయాడు. కానీ ఆ మొహం చూస్తే కోపం రాలేదు. అలసట వచ్చింది. పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను.

మా ఆయన లేచి బయటికి పోయాడు. కాసేపటికి తిరిగొచ్చి, మంచం దగ్గర నిలబడి అన్నాడు, "రేపే చూపిస్త తీ, పెద్దాయనా. ఫికర్ చెయ్యకు."

సోమవారం పొద్దుటి షిఫ్టు కాగానే సైలెన్సర్లు వెల్డింగు చేసే షాపుకు పోయాం. నేను పనికి సెలవు పెట్టి వెళ్ళాను. అక్కడ నేలలో గొయ్యి ఉంటుంది. బండిని దాని మీదికి ఎక్కిస్తే మనిషి కింద నుంచి చూస్తాడు. వెల్డింగాయన గోతిలోకి దిగి కాసేపు తట్టి చూసి, "పాత అతుకు మొత్తం విచ్చుకపోయింది, చెయ్యి పడుతుంది ఇందుల," అన్నాడు. తర్వాత, "అమ్మా, ముందు ఎడమ సీటు కింద మ్యాటు మీద చూడు," అన్నాడు.

నేను తలుపు తెరిచి వంగి చూశాను. మ్యాటు మధ్యలో కొంచెం పైకి లేచింది. తగ్గింది. మళ్ళీ లేచింది. మ్యాటు తీస్తే కింద ఆయన వేలు కనిపించింది. ఏసీ నీళ్ళు నిలిచి నిలిచి, ఆ రేకును తుప్పు అరచేతి వెడల్పున తినేసింది. పగిలిన పైపు పొగ ఆ బొక్కలోంచే లోపలికి వస్తోంది. నేను మ్యాటు ఆరేస్తూ ఉన్నాను గానీ దాని కింద ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు. అంత గుర్తు పెట్టుకునేదాన్ని, ఆ ఒక్కటి చూడలేదు.

"ఇందుల ఏసీ ఏసుకోని అద్దాలు మూసి పండుకుంటున్నవా అన్నా?" అని వెల్డింగాయన మా ఆయనను అడిగాడు. మా ఆయన తల ఊపాడు. "ఎట్ల బతికినవ్?" అన్నాడు ఆయన. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

అక్కడ గోడకు ఆనుకుని నిలబడి, పనంతా అయ్యేదాకా నేను వెనక్కి లెక్క వేసుకున్నాను. తలనొప్పి ఎప్పుడు మొదలైంది? శివరాత్రికి ముందు. వాంతి ఎప్పుడు? శివరాత్రి రోజు. మాత్రల అట్ట చివరిసారి ఎప్పుడు కొన్నాను? అద్దం దిగడం మొదలైన తర్వాత ఒక్కటి కూడా కొనలేదు. ఆ నెలంతా చెమట, చిరాకు, నిద్రలేమి, కానీ తల నొచ్చిందని ఆయన ఒక్క రోజు అనలేదు. అట్టలో నాలుగు మాత్రలు అలాగే మిగిలి ఉన్నాయి. మేమేమో ఇల్లూ వాకిలీ వదిలి, ఆ దిగే అద్దాన్ని దిగకుండా చేయడానికి నెల రోజులు తిరిగాం.

కొత్త పైపు వేశారు. కింద రేకు కోసి కొత్తది అతికారు. పని అయ్యేసరికి మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఏసీ నీళ్ళ గొట్టం కూడా మార్పించాం. సాయంత్రం షిఫ్టుకు ముందే ఖాజా భాయ్ వైర్లన్నీ ఎక్కడివక్కడ పెట్టాడు, నేను చెబుతుంటే. కథంతా విని, "అల్లా జానే," అని ఊరుకున్నాడు. ఆ చెక్క ముక్కను సుత్తితో కొట్టి బిగించానని మాత్రం రెండుసార్లు చెప్పాడు. నేను పక్కనే ఉండి చూశాను. ఆయన చెప్పకపోయినా నాకు తెలుసు.

మంగళవారం మా ఆయన అద్దాలు మూసి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని పడుకున్నాడు. గంటన్నర. ఏసీ ఆగలేదు, అద్దం దిగలేదు. ఆ తర్వాత ఏనాడూ దానంతట అది దిగలేదు.

పెద్దాయనకు స్వయంగా చెప్పాలని మరుసటి ఆదివారం మళ్ళీ మియాపూర్ పోయాం. ముందు ఫోన్ చేయలేదు, వాళ్ళ నంబరు మా దగ్గర లేదు కూడా. మేం నోరు తెరవకముందే నాగమణి అంది, "మీరొచ్చిపోయినాక మానేసినాడబ్బా. సోమవారం గూడా జావ తాగి మొదలుపెట్టినాడు. రెండు కొట్టక ముందే చెయ్యి దించి నిద్రపోయినాడు. ఆ పొద్దు నుంచి మళ్ళా ఎత్తలేదు."

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు.

పెద్దాయన మెలకువగానే ఉన్నాడు. మా ఆయన కుర్చీ లాక్కుని, పైపు ఎక్కడ పగిలిందో, రేకు ఎంత మేర కోశారో, కొత్త రేకు ఎలా అతికారో, ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకు చెప్పినట్టు అన్నీ చెప్పాడు. పెద్దాయన కళ్ళు ఆర్పకుండా విన్నాడు. చివర్లో ఎడమచెయ్యి మెల్లగా జరిపి మా ఆయన మోకాలి మీద పెట్టాడు. మా ఆయన ఆ చెయ్యిని అలాగే ఉండనిచ్చాడు. నాగమణి టీ తెచ్చి, చల్లారిపోతోందని రెండుసార్లు అనే వరకూ.

ఆ వానాకాలంలో పెద్దాయన పోయాడు. మా బండి ఇంకా నడుస్తోంది. మధ్యాహ్నం మా ఆయన ఇప్పుడు తనే అద్దం దించుకుని పడుకుంటాడు, ఏసీ చల్లదనం సగం బయటికి పోయినా సరే. వేళ్ళతో కొలవడు. అద్దం మీద దుమ్ము గీత ఎన్నిసార్లు తుడిచినా సన్నగా కనిపిస్తూనే ఉంటుంది, దాని వరకు దించుతాడు.

వైరు తగిలి ఏసీ ఆగిందంటే ఒప్పుకుంటాను. పాత బండి, ఇంజన్ ఆగిందంటే ఒప్పుకుంటాను. బరువుకు అద్దం జారిందంటే అదీ ఒప్పుకుంటాను. అప్పటికి పెద్దాయన బతికే ఉన్నాడు కాబట్టి దయ్యం అనడానికి కూడా లేదు. కానీ ఆ చెక్క ముక్క మా ఇంట్లో దీపం గూట్లో ఉంది, సుత్తి దెబ్బల గుర్తులు దాని మీద ఉన్నాయి. బిగించినప్పుడు నేనున్నాను. టేపు చుట్టింది నేనే. ఆ చెక్కను ఊడదీసి డాష్‌బోర్డు మీద ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.